పాత గార్డెన్ ట్రాక్టర్ కొనడం, మళ్ళీ పనిలోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత గార్డెన్ ట్రాక్టర్లు అంటే ఇక్కడ ముఖ్యంగా 1960, 70 దశకాల్లో అమెరికాలో తయారైనవి: కబ్ కేడెట్, జాన్ డీర్, వీల్ హార్స్, బోలెన్స్, సింప్లిసిటీ వంటివి. కొత్తగా వీటి జోలికి వచ్చిన ప్రతివాళ్ళూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనాలనుకున్నప్పుడు

లాన్ ట్రాక్టర్‌కీ గార్డెన్ ట్రాక్టర్‌కీ తేడా ఏంటి? చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా?

వంగి కిందకి చూస్తే తెలిసిపోతుంది. లాన్ ట్రాక్టర్‌ని గడ్డి కోయడానికి మాత్రమే తయారు చేశారు. దాని ఛాసిస్ పల్చటి రేకును వంచి చేసినది, గేరు బాక్సు తేలికపాటిది. గార్డెన్ ట్రాక్టర్ నాగలి, టిల్లర్, మట్టి తోసే బ్లేడు లాంటి నేలలో దిగే పనిముట్లను కూడా లాగాలి. అందుకే దానికి మందపాటి ఉక్కు ఛాసిస్, పోత ఇనుముతో చేసిన గేరు బాక్సు, సాధారణంగా 12 అంగుళాల వెనక రిమ్ములు ఉంటాయి. లాన్ ట్రాక్టర్‌కి నాగలి తగిలిస్తే ముందు పాడయ్యేది గేరు బాక్సే.

ఇన్ని కంపెనీల్లో ఏ మోడల్ కొంటే మంచిది?

విడిభాగాలు తేలిగ్గా దొరికేది. అందం, పేరు ఆ తర్వాతే.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ కేడెట్‌ను తెచ్చింది. జాన్ డీర్ 110 వచ్చింది 1963లో. వీల్ హార్స్ ఈ రెండింటికన్నా పాతది, 1940ల నుంచీ ఉంది. ఇవన్నీ వేల సంఖ్యలో అమ్ముడుపోయాయి. అందుకే వాటి భాగాలను కొత్తగా చేసేవాళ్ళూ, పాత బండ్లను విప్పి అమ్మేవాళ్ళూ ఇప్పటికీ ఉన్నారు. కంపెనీలు చేతులు మారిన సంగతి కూడా గుర్తుంచుకోండి. కబ్ కేడెట్ 1981లో ఎంటీడీ చేతికి, వీల్ హార్స్ 1986లో టోరో చేతికి వెళ్ళాయి. భాగాలు వెతికేటప్పుడు కొత్త యజమాని పేరుతోనూ వెతకాలి.

ఇంజన్ విషయానికొస్తే కోలర్ కంపెనీ చేసిన ఒంటి సిలిండర్ కె వరుస ఇంజన్ ఉన్న బండికే నా ఓటు. కె241 పది హార్స్ పవర్, కె301 పన్నెండు, కె321 పద్నాలుగు, కె341 పదహారు. బ్లాకు పోత ఇనుముది, మళ్ళీ బోరు చేయించుకోవచ్చు, అంటే అరిగిన సిలిండర్‌ను కాస్త పెద్దదిగా కోయించుకోవచ్చు. పిస్టన్లు, రింగులు, కనెక్టింగ్ రాడ్లు ఓవర్ సైజుల్లో, అండర్ సైజుల్లో దొరుకుతాయి. ఒనాన్ కంపెనీ రెండు సిలిండర్ల ఇంజన్ చాలా మృదువుగా నడుస్తుంది, కానీ ఏదైనా పోతే భాగాల కోసం తిప్పలు పడాలి. మొదటి బండిగా దాన్ని తీసుకోవద్దనే చెబుతాను.

నడుస్తున్నదే కొనాలా? నడవనిది చౌకగా వస్తే తీసుకోవచ్చా?

ఇంజన్ ఆడుతుందా లేదా అన్నదానికన్నా బండి పూర్తిగా ఉందా అన్నది పెద్ద ప్రశ్న. ఇంజన్‌ని బాగుచేయడానికి దారులున్నాయి, భాగాలు దొరుకుతాయి. పోయిన బానెట్, గ్రిల్, బెల్టు గార్డులు, పనిముట్లు తగిలించే బ్రాకెట్లు, లిఫ్ట్ లివరు మాత్రం ఆ మోడల్‌వే కావాలి. ఒక్కొక్కటీ వెతికి కొనేసరికి ఇంకో బండి ఖరీదు దాటిపోతుంది.

నడవకపోయినా అన్ని భాగాలూ ఉండి, ఎవరూ వెల్డింగులతో, గ్రైండర్‌తో గెలకని బండి దొరికితే అదే మంచి బేరం. నడుస్తున్నా సగం వైర్లు కత్తిరించి, ఎక్కడివో భాగాలు బిగించి ఉంటే వదిలేయండి.

గడ్డి కోసే డెక్కు లేకుండా అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

దున్నడానికో, మట్టి తోయడానికో అయితే తీసుకోవచ్చు. గడ్డి కోయడమే మీ పని అయితే ఆ మోడల్‌కి సరిపోయే డెక్కు, దాన్ని బిగించే ఫ్రేము, బెల్టు పుల్లీలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకున్నాకే బండికి డబ్బివ్వండి.

## చూడ్డానికి వెళ్ళినప్పుడు

వెంట ఏమేం తీసుకెళ్ళాలి?

టార్చిలైటు, ప్లగ్ రెంచి, వైరు బ్రష్, పాత గుడ్డ, ఛార్జింగ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, మల్టీమీటర్, చేతి తొడుగులు. బండి మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండే ప్లేటును ఫోటో తీసుకోండి. ఇంజన్ ష్రౌడ్ (చుట్టూ ఉండే రేకు తొడుగు) మీద వేరే ప్లేటు ఉంటుంది, దాన్నీ తీయండి. కోలర్ ఇంజన్లకు మోడల్ నంబరొక్కటే చాలదు. స్పెసిఫికేషన్ నంబరు ఉంటేనే సరైన భాగం దొరుకుతుంది.

స్టార్ట్ చేయకుండా ఇంజన్ బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే నీళ్ళు చేరాయి. గుర్తుకు పైదాకా ఉండి పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్ నీడిల్ సరిగ్గా మూయక గానీ, ఫ్యూయల్ పంప్ డయాఫ్రమ్ చిరిగి గానీ పెట్రోలు కిందికి కారింది. ఆ ఆయిల్‌తో ఇంజన్ తిప్పొద్దు. అసలు ఆయిలే లేకపోతే ఇంకా జాగ్రత్త పడాలి. ఈ ఒంటి సిలిండర్ కోలర్లలో ఆయిల్ పంపు ఉండదు, కనెక్టింగ్ రాడ్ కింది భాగం ఆయిల్‌లో మునిగి చిమ్మడంతోనే లోపలంతా తడుస్తుంది. మట్టం తగ్గితే ముందు దెబ్బతినేది అల్యూమినియం కనెక్టింగ్ రాడ్.

తర్వాత ప్లగ్ విప్పి, ఫ్లైవీల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా తట్టుకోకుండా తిరగాలి. ఫ్లైవీల్‌ని కొద్దిగా ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు లోపల టక్ అని వదులు శబ్దం వస్తే రాడ్ అరిగిందని అనుమానించాలి.

కంప్రెషన్ గేజ్ పెడితే చాలా తక్కువ చూపిస్తోంది. ఇంజన్ పోయినట్టేనా?

అలా అనుకుని మంచి ఇంజన్లను వదులుకున్నవాళ్ళు చాలామంది. కోలర్ కె వరుసలో చాలా ఇంజన్లకు ఆటోమేటిక్ కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది. స్టార్టర్ తిప్పే వేగంలో ఇది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి పెడుతుంది, ఇంజన్ సులువుగా తిరగడానికి. కాబట్టి గేజ్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ప్లగ్ బిగించి, ఫ్లైవీల్‌ని అది మామూలుగా తిరిగే వైపుకి వ్యతిరేకంగా చేత్తో తిప్పి చూడండి. కంప్రెషన్ దగ్గర గట్టిగా ఎదురుతన్నితే లోపల బాగానే ఉన్నట్టు. కచ్చితంగా తెలియాలంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎటు పోతోందో చూసే లీక్ డౌన్ పరీక్ష చేయాలి. గాలి కార్బురేటర్‌లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్‌లోంచి (ఇంజన్ అడుగు భాగంలోని గాలి బయటికి పోయే దారి) వస్తే రింగులు.

మేం వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంది. అనుమానించాలా?

ఎందుకు వేడి చేశారో అడగండి. వేడి ఇంజన్ చాలా లోపాలను దాచేస్తుంది. వీలైతే మర్నాడు వస్తామని, ముట్టుకోకుండా ఉంచమని చెప్పండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరు, మొదటి నిమిషంలో వచ్చే పొగ చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది.

హైడ్రోస్టాటిక్ బండి నమ్మొచ్చా, గేర్లదే మేలా?

హైడ్రోస్టాటిక్ అంటే గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో చక్రాలను తిప్పే ఏర్పాటు. బాగుంటే అది ఎంతో హాయి, క్లచ్ తొక్కకుండా వేగం మార్చుకోవచ్చు. గేర్లది మొరటుగా వాడినా తట్టుకుంటుంది, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. హైడ్రో యూనిట్ లోపల అరిగితే బాగు అన్నమాటే కష్టం, మార్చుకోవాల్సిందే.

కాబట్టి హైడ్రో బండిని చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపెట్టుకోవద్దు. ఓ అరగంట నడిపి, ఆయిల్ వేడెక్కాక ఎత్తు ఎక్కించండి. చల్లగా బాగా లాగి, వేడెక్కాక నీరసపడితే పంపు అరిగింది. ఆయిల్ రంగు కూడా చూడండి. ఇంటికి తెచ్చేటప్పుడు చక్రాలను హైడ్రో పట్టు నుంచి వదిలించే రిలీజ్ వాల్వు తెరవకుండా లాక్కుపోవద్దు, యూనిట్ దెబ్బతింటుంది. ఆయిల్ కూడా కంపెనీ చెప్పినదే పోయాలి. కబ్ కేడెట్లకైతే హై-ట్రాన్.

స్టీరింగు బాగా ఊగుతోంది. పెద్ద ఖర్చా?

సాధారణంగా కాదు. టై రాడ్ చివర్లు, ముందు ఇరుసు మధ్య పిన్ను, చక్రాల బుషింగులు అరిగి ఉంటాయి. ఇరుసు పోతలో పగులు ఉందేమో మాత్రం టార్చి వేసి చూడండి.

## ఇంటికి తెచ్చాక

తెచ్చిన రోజే స్టార్ట్ చేసి చూడొచ్చా?

మనసు లాగుతుంది, తెలుసు. అయినా ఆగండి. ఏళ్ళ తరబడి కదలని ఇంజన్‌కి జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ తొందరలోనే జరుగుతుంది.

ముందు ప్లగ్ వైరు తీసి పక్కకి పెట్టండి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఇప్పుడు ఇంజన్ చుట్టూ ఉన్న రేకు ష్రౌడ్ విప్పండి. గాలితో చల్లబడే ఇంజన్లివి. సిలిండర్ మీద రెక్కల మధ్య ఎలుకలు గడ్డి, పీచు కుక్కి గూళ్ళు కట్టి ఉంటాయి. అది తీయకుండా నడిపితే బయటికి ఏమీ తెలియకుండానే ఇంజన్ మాడిపోతుంది. ఆ గూడు తీసేటప్పుడు మాస్కు వేసుకుని, ముందు తడిపి తీయండి. ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో అప్పుడే చూడండి.

ఆయిల్ మార్చండి. ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా దించేయండి, పాత రబ్బరు పైపులు, ఫిల్టరు కొత్తవి వేయండి. ప్లగ్ రంధ్రంలోంచి కొద్దిగా ఆయిల్ వేసి, ప్లగ్ లేకుండానే చేత్తో కొన్ని చుట్లు తిప్పండి. థ్రాటిల్, చోక్ కేబుళ్ళు, ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ లింకు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూడండి. గవర్నర్ లింకు పట్టేసి ఉంటే ఇంజన్ అదుపు తప్పి వేగం పుంజుకుంటుంది, రాడ్ విరిగి బ్లాకు పగలొచ్చు. ఇవన్నీ అయ్యాకే స్టార్టర్ జోలికి వెళ్ళండి. మొదటిసారి కొద్ది నిమిషాలు నడిపి, ఆ వేడి ఆయిల్ కూడా దించి మళ్ళీ కొత్తది పోయండి. లోపలి మడ్డి దానితోపాటు వచ్చేస్తుంది.

ఇంజన్ పట్టేసింది, అసలు తిరగడం లేదు. ఏం చేయాలి?

ముందు నిజంగా ఇంజనే పట్టేసిందా చూడండి. బెల్టులు తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి తిప్పండి. కొన్నిసార్లు పట్టేసింది స్టార్టర్ జనరేటర్ బేరింగు, లేకపోతే క్లచ్.

ఇంజనే అయితే ప్లగ్ రంధ్రంలోంచి తుప్పు వదిలించే ఆయిల్ నిండుగా పోసి రోజుల తరబడి వదిలేయండి, మధ్యమధ్యలో మళ్ళీ పోయండి. ఆ తర్వాత ఫ్లైవీల్‌ని రెండు వైపులా కొద్దికొద్దిగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా అది మంచి సూచన. ఫ్లైవీల్ రెక్కల మీద సుత్తితో కొట్టొద్దు, క్రాంకు నట్టుకి పొడవాటి పైపు తగిలించి వేలాడొద్దు.

లొంగకపోతే హెడ్ విప్పండి. ఇవి ఫ్లాట్ హెడ్ ఇంజన్లు కాబట్టి కొన్ని బోల్టులు విప్పితే చాలు, వాల్వులు సిలిండర్ పక్కనే బ్లాకులో కనిపిస్తాయి. సిలిండర్ గోడ మీద తుప్పు గీతను సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, పిస్టన్ కిందికి దిగే దశలో ఉంటే దాని మీద చెక్క దిమ్మ పెట్టి మెల్లగా తట్టండి. ఒక వాల్వు పైకే నిలిచిపోయి ఉంటే దాని గైడు దగ్గర ఆయిల్ వేసి, పైకీ కిందికీ ఆడిస్తూ వదిలించాలి. హెడ్ తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేసి, మాన్యువల్‌లో చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌తో బిగించండి.

ఏ ఆయిల్ పోయాలి?

కోలర్ కె వరుసకు వెచ్చటి వాతావరణంలో ఎస్‌ఏఈ 30. గడ్డకట్టే చలిలో 10డబ్ల్యూ-30. వీటికి ఆయిల్ ఫిల్టరు ఉండదు కాబట్టి ఆయిల్ తరచుగా మార్చడమే రక్ష.

ఇప్పటి పెట్రోలు ఈ పాత ఇంజన్లకి పడుతుందా?

ఫ్లాట్ హెడ్ ఇంజన్లకు కంప్రెషన్ తక్కువ, మామూలు ఆక్టేన్ పెట్రోలు చాలు. ఇబ్బంది ఇథనాల్‌తో. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలో తేమను లాక్కుంటుంది, నిలవ ఉంటే కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. ఇథనాల్ లేనిది దొరికితే అదే వాడండి. దొరక్కపోతే దాన్ని తట్టుకునే పైపులు వేసి, నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి.

## స్టార్ట్ కాకపోతే

స్పార్కు రావడం లేదు. కాయిల్ మార్చాలా?

కాయిల్ ఆఖరున. ఏళ్ళు కదలకుండా ఉన్న బండిలో మొదటి దోషి కాయిల్‌కి కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే కాంటాక్ట్ పాయింట్లే. వాటి మీద కంటికి కనపడని పొర కట్టి కరెంటు ఆగిపోతుంది. కోలర్ కె వరుసలో పాయింట్లు ఇంజన్ పక్కన చిన్న మూత కింద ఉంటాయి, ఫ్లైవీల్ విప్పక్కర్లేదు. సన్నటి ఆకురాయితో మెత్తగా రుద్ది, నూనె లేని శుభ్రమైన కాగితం ముక్కను వాటి మధ్య లాగండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.020 అంగుళాలు, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. ఈ సందు మారితే టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, కూడా మారుతుంది.

అయినా రాకపోతే, తాళం ఆన్ చేసి కాయిల్ పాజిటివ్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. రాకపోతే తాళం, వైర్లు, సేఫ్టీ స్విచ్చులు. వస్తే కండెన్సర్ మార్చి చూసి, అప్పుడు కాయిల్.

తాళం తిప్పితే టక్ మంటుంది, తిరగదు.

బ్యాటరీ, దాని చివర్లు, ఎర్త్ వైరు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి తగిలే చోట రంగు, తుప్పు గీకేస్తేనే చాలా బండ్లు తిరుగుతాయి.

సొలినాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్) రెండు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ చేసే అలవాటు మానండి. ఆ పద్ధతిలో సేఫ్టీ స్విచ్చులేవీ పనిచేయవు. బండి గేరులో ఉంటే పక్కన నిలబడ్డ మనిషి మీదికే ఎక్కుతుంది. ట్రాక్టర్ల దగ్గర ప్రాణాలు పోయిన సంఘటనల్లో ఇదొక కారణం.

బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు. ఒకే మోటారు స్టార్టర్‌గానూ జనరేటర్‌గానూ ఉంది.

అప్పటి కబ్ కేడెట్లలో, మరికొన్ని బండ్లలో అదే ఏర్పాటు. బెల్టు వదులైతే స్టార్ట్ కావడమూ కష్టం, ఛార్జింగూ రాదు. ముందు దాన్ని సరిచేయండి. వైర్లు విప్పి మళ్ళీ బిగించినా, ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ మార్చినా జనరేటర్‌ని పోలరైజ్ చేయాలి, అంటే కరెంటు సరైన దిశలో పుట్టేలా చేయాలి. డెల్కో-రెమీ కంపెనీ రకంలో ఇంజన్ ఆగి ఉండగా రెగ్యులేటర్ మీది బ్యాటరీ, జనరేటర్ టెర్మినళ్ళను ఒక వైరుతో రెప్పపాటు కాలం కలిపితే చాలు.

చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది.

పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి ఎక్కువ చొరబడుతోంది. కార్బురేటర్ విప్పి, లోపలి సన్నటి దారులన్నిటినీ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయండి. ఇనుప తీగలు గుచ్చి రంధ్రాలు పెద్దవి చేయొద్దు. కార్బురేటర్ గాస్కెట్ మార్చండి. సర్దుబాటు స్క్రూలు విప్పేముందు అవి ఎన్ని చుట్లు బిగించి ఉన్నాయో రాసుకోండి.

నీలం పొగ వస్తోంది. రింగులు పోయాయా?

కావచ్చు, కానీ బ్రీదర్ కూడా చూడండి. బ్రీదర్ వాల్వు పాడైతే క్రాంక్ కేసులో (ఆయిల్ ఉండే ఇంజన్ అడుగు భాగం) ఒత్తిడి పెరిగి ఆయిల్ పైకి వస్తుంది, సీళ్ళ దగ్గర కూడా కారుతుంది. ఆయిల్ ఎక్కువ పోసినా పొగ వస్తుంది. ఏళ్ళ తర్వాత స్టార్ట్ చేసిన ఇంజన్ అయితే కొన్ని గంటలు పని చేయనివ్వండి, అంటుకుపోయిన రింగులు వదిలి పొగ తగ్గడం మామూలే. నల్ల పొగ వేరు: అది చోక్, మురికి పట్టిన ఎయిర్ ఫిల్టరు లేదా ఎక్కువైన పెట్రోలు.

## పనిలో పెట్టాక

వెనక రిమ్ములు లోపలి నుంచి తుప్పు పట్టాయి. ఎందుకు?

బరువు కోసం టైర్లలో కాల్షియం క్లోరైడ్ నీళ్ళు నింపేవారు. ట్యూబు కారితే ఆ ఉప్పునీళ్ళు రిమ్మును తినేస్తాయి. రిమ్ము పల్చబడితే మార్చేయండి, బరువుకి ఇనుప వీల్ వెయిట్లు తగిలించండి. టైరు అంచు రిమ్ముకి కూర్చోకపోతే చుట్టూ రాచెట్ పట్టీ బిగించి గాలి కొట్టండి. మండే స్ప్రే కొట్టి నిప్పంటించే పద్ధతి జోలికి పోవద్దు.

క్లచ్, బ్రేకు దుమ్మును గాలితో ఊదేయొచ్చా?

వద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయండి. పాత రంగు గీకేటప్పుడూ సీసం ఉండొచ్చనుకుని తడిపి రుద్దండి, మాస్కు వేసుకోండి.

కొత్తగా రంగు వేయించాలా?

అసలు రంగు, స్టిక్కర్లు చాలావరకు మిగిలి ఉంటే ఉంచేయండి. ఒకసారి పోయిన అసలు రంగు మళ్ళీ రాదు, పనిచేసిన బండికి ఆ గీతలు శోభే. పూర్తిగా తుప్పు పట్టిన రేకులకు మాత్రం రంగు అవసరం. ముందు స్టిక్కర్లను కొలతలతో సహా ఫోటోలు తీయండి. పాత రంగు మీద అవిసె నూనె రుద్దితే, ఆ గుడ్డల్ని ముద్దగా పడేయకండి. వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

వాలు నేల మీద నడపొచ్చా?

ఈ బండ్లకు బోల్తాపడితే కాపాడే ఫ్రేము దాదాపు ఉండదు. వాలుకి అడ్డంగా కాకుండా నిలువుగా, నెమ్మదిగా నడపండి. దిగేటప్పుడు న్యూట్రల్ చేయొద్దు. బాగా వాలుగా నడిపితే ఆయిల్ ఒక పక్కకి చేరి ఇంజన్‌కీ నష్టమే. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎప్పుడూ నడపకండి. గడ్డి కోసేటప్పుడు వాళ్ళు ఆ ఆవరణలోనే ఉండకూడదు.

సీటు స్విచ్ లేదు. పెట్టించాలా?

పెట్టించండి. చాలా పాత బండ్లకు అసలే రాలేదు, కొన్నింటికి ఉన్నదాన్ని కత్తిరించేశారు. సీటు మీద నుంచి లేవగానే ఇంజన్ ఆగేలా ఒక స్విచ్ కలపడం చిన్న పని, బ్లేడు తిరిగే బండికి తప్పనిసరి.

నెలల తరబడి వాడకపోతే ఎలా ఉంచాలి?

ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపండి. ఆయిల్ మార్చండి. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి చేత్తో తిప్పి, కంప్రెషన్ గట్టిగా తగిలే చోట ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. బ్యాటరీ విప్పి ఛార్జ్‌లో ఉంచండి, సైలెన్సర్ నోటికి డబ్బా బోర్లించండి. డెక్కు అడుగున అంటుకున్న గడ్డి గీకేయండి, దాని తేమకే రేకు చిల్లులు పడుతుంది.